చక్రాల ఇంట్లో ఏడు రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పడక, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్ ప్రయాణాల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉద్యోగ విరమణ చేసిన దంపతులవే. ఏ ఊళ్లు చూడాలని అడిగినవాళ్లు దాదాపు లేరు. నీళ్లు, కరెంటు, టాయిలెట్, మందులు, పరుపు గురించే అడిగారు. అడగాల్సినవీ ఇవే. దారి సంగతి మ్యాపు చూసుకుంటుంది.

ప్రశ్న: మా ఇద్దరికీ అరవై దాటాయి. మొదటిసారి వారం రోజులకి మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుంటున్నాం. రోజుకి ఎంత ప్రయాణం పెట్టుకోవాలి? ఏ రోజు ఏం చేయాలో ముందే రాసుకోమంటారా?

గంటగంటకీ పట్టిక వేసుకోవద్దు. రెండు పనులకి మాత్రం రోజులు రాసి పెట్టుకోండి. ఒకటి నీళ్లు నింపడం, రెండోది టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే, బయటికి లాగి తీసే డబ్బా, ఖాళీ చేయడం. ఇద్దరు మనుషులు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, 20 లీటర్ల లోపు క్యాసెట్ అయితే ఈ రెండూ ఇంచుమించు ఒకేసారి, అంటే మూడో రోజు పొద్దున ముందుకొస్తాయి. అందుకని రెండో రాత్రి, నాలుగో రాత్రి, ఆరో రాత్రి ఈ సదుపాయాలున్న క్యాంపులో బస పెట్టుకోండి. మిగతా రాత్రులు ఎక్కడ నచ్చితే అక్కడ ఆగొచ్చు. ఆ మూడూ కుదిరాక దూరాలు వాటంతటవే తేలతాయి.

స్టీరింగు ముందు కూర్చునేది రోజుకి రెండు మూడు గంటలు చాలు. కారుకి లెక్కగట్టి నావిగేషన్ చెప్పే సమయానికి పావు వంతు కలుపుకోండి. సాయంత్రం నాలుగింటికల్లా బండి ఆపేయడం మంచిది. నేల వాలు చూడటం, బండి సమంగా నిలిచేలా చక్రాల కింద ర్యాంపులు పెట్టడం, తలపైన కొమ్మలున్నాయేమో గమనించడం వెలుతురు ఉండగా పది నిమిషాల పని. చీకట్లో అదే పని ఇద్దరి మధ్య గొడవకి మొదలు. ఒకే చోట రెండేసి రాత్రులు ఉంటే ఈ సర్దుడంతా సగానికి సగం తగ్గుతుంది.

మొదటి రాత్రి మాత్రం బండి తీసుకున్న చోటికి దగ్గర్లోనే ఉండండి. ఏదైనా పనిచేయకపోతే తెలిసేది ఆ రాత్రే. బండి చేతికిచ్చేటప్పుడు ఇచ్చేవాళ్ల ఎదుటే స్టవ్ వెలిగించి, వేడినీళ్లు రప్పించి, ఫ్రిజ్‌ని గ్యాస్ మీద ఒకసారి, కరెంటు మీద ఒకసారి నడిపించి చూడండి. ఫ్యూజులు ఎక్కడున్నాయో, సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో అడగండి. బండి ఎత్తు ఒక చీటీ మీద రాసి డ్రైవరుకి కనబడేలా అంటించండి. వంతెన కిందికి వచ్చాక ఆ అంకె గుర్తు తెచ్చుకునే తీరిక ఉండదు.

ప్రశ్న: 100 లీటర్లు నిండుగా పోసుకుని బయల్దేరితే రెండో రోజు సాయంత్రానికే కుళాయి గాలి కక్కింది. ఎక్కడో లీకు ఉందనుకోవాలా?

లీకు కంటే ముందు షవర్‌ని అనుమానించండి. మోటార్‌హోమ్ షవర్ నుంచి నిమిషానికి ఐదారు లీటర్లు వస్తాయి. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు స్నానం చేస్తే ఇద్దరికీ కలిపి 50 నుంచి 60 లీటర్లు. అంటే సగం ట్యాంకు ఒక్కరోజు స్నానాలకే పోయింది.

జాగ్రత్తగా వాడితే ఇద్దరికీ రోజుకి 40 లీటర్లు సరిపోతాయి. తాగడానికీ వంటకీ 8, గిన్నెలకి 7, ముఖం, చేతులు, పళ్లు అన్నీ కలిపి 6, టాయిలెట్ ఫ్లష్‌కి 3, స్నానాలకి మనిషికి 8 చొప్పున 16. ఆ 8 లీటర్ల స్నానం ఎలాగంటే, అర నిమిషం తడిసి షవర్ తల దగ్గరి మీట కట్టేయాలి. సబ్బు రుద్దుకున్నాక ఒక నిమిషం నీళ్లు వదలాలి. వేడినీళ్లు వచ్చేలోపు పైపులోంచి వచ్చే చల్లనీళ్లని కిందికి పోనివ్వకుండా ఒక జగ్గులో పట్టండి. రోజుకి రెండు మూడు లీటర్లు మిగులుతాయి, గిన్నెలు తొలవడానికి పనికొస్తాయి.

ఇలా వాడినా రెండో రోజుకే అయిపోతే అప్పుడు లీకు వెతకండి. కుళాయిలన్నీ కట్టి, పంపు స్విచ్ వేసి ఉంచి, నిశ్శబ్దంగా కూర్చోండి. ఎవరూ నీళ్లు తిప్పకుండానే కొద్ది నిమిషాలకోసారి పంపు రెండు క్షణాలు మోగి ఆగుతోందంటే పైపుల్లో ఒత్తిడి ఎక్కడో పడిపోతోంది. టాయిలెట్ ఫ్లష్ వాల్వు, పంపుకి ముందున్న జాలీ గిన్నె రబ్బరు రింగు, షవర్ మిక్సర్ వెనక బిగింపులు, నీళ్లు కాచే బాయిలర్ డ్రెయిన్ వాల్వు, ఈ నాలుగూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. అన్నీ పొడిగానే ఉంటే నీళ్లు వెనక్కి పోకుండా ఆపే పంపు లోపలి నాన్-రిటర్న్ వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. అలాంటప్పుడు నీళ్లు పోవు, చప్పుడే వస్తుంది.

చలి ప్రాంతంలో ఉన్నట్టయితే ఇంకో కారణం ఉంది. నీళ్లు గడ్డకట్టి బాయిలర్ పగలకుండా కొన్ని బళ్లలో ఒక సేఫ్టీ వాల్వు పెడతారు. చుట్టూ ఉష్ణోగ్రత 3 డిగ్రీల దగ్గరికి దిగగానే అది తనంతట తానే తెరుచుకుని బాయిలర్‌లోని నీళ్లు బయటికి వదిలేస్తుంది. పంపు ఆన్‌లో ఉంటే ట్యాంకు నీళ్లు కూడా ఆ దారినే పోతాయి. రాత్రి పడుకునే ముందు పంపు స్విచ్ తీసేయడం అలవాటు చేసుకుంటే పోయేది బాయిలర్ నీళ్లతోనే ఆగుతుంది.

మీటర్ని మరీ నమ్మకండి. చాలా బళ్లలో అది పావు, సగం, ముప్పావు, నిండు అని నాలుగు దీపాలే చూపిస్తుంది. సగం దీపం వెలుగుతోందంటే నీళ్లు సగానికీ ముప్పావుకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

ట్యాంకు శుద్ధి గురించి కూడా అడిగారు. సువాసన, రంగు కలపని 5 శాతం బ్లీచ్ ద్రావణం ట్యాంకు లీటరుకి 1 మి.లీ. చొప్పున, అంటే 100 లీటర్లకి 100 మి.లీ. బకెట్ నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, పైన నిండుగా నీళ్లు పట్టాలి. వేడి, చల్లని కుళాయిలన్నీ ఒక్కొక్కటిగా క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టాలి. 4 గంటలు ఉంచి ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. కార్బన్ ఫిల్టరు ఉంటే ముందే తీసేయండి, లేకపోతే క్లోరిన్ అంతా అదే పీల్చేసుకుంటుంది. నీళ్లు పట్టే పైపు మీ సొంతది, తాగునీటికి పనికొచ్చేది అయి ఉండాలి. టాయిలెట్ ఖాళీ చేసే చోట గోడకి వేలాడే పైపుని ఎంత శుభ్రంగా కనిపించినా ముట్టుకోవద్దు. క్యాసెట్లు కడిగేది దాంతోనే.

ప్రశ్న: మూడో రోజుకి టాయిలెట్ దగ్గర వాసన భరించలేకపోయాం. కింద పలక తెరిచే మీట కూడా బిగుసుకుపోయింది. మా వారు గట్టిగా లాగబోతే నేనే ఆపాను.

ఆపి మంచిపని చేశారండి. ఆ మీట విరిగితే వారమంతా పాడవుతుంది.

బిగుసుకోవడానికి కారణం మామూలుగా పలక చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండిపోవడం. క్యాసెట్ బయటికి తీసి, సీలుని తడిగుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు కానీ స్ప్రే కానీ పల్చగా రాయండి. పెట్రోలియం జెల్లీ రాయకండి, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. ఇంట్లో టాయిలెట్‌కి వాడే బ్లీచ్, యాసిడ్ క్లీనర్లు కూడా ఇక్కడ నిషిద్ధం. ఇవాళ తళతళలాడుతుంది, కొన్నాళ్లకి సీలు కారుతుంది. ఎండలో నిలబడిన బండిలో, ఘాట్ రోడ్డు ఎక్కాక క్యాసెట్ లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. పైమూత వేసే ఉంచి ముందు పలకని కొద్దిగా మాత్రమే జరిపి గాలి పోనివ్వండి. ఒక్కసారిగా తెరిస్తే పైకి చిమ్ముతుంది.

వాసనకి ఎక్కువసార్లు కారణం రసాయనం తగ్గడం కాదు, నీళ్లు తగ్గడం. ఖాళీ చేసి పెట్టిన క్యాసెట్‌లో డబ్బా మీద చెప్పినంత రసాయనంతో పాటు కనీసం 2 లీటర్ల నీళ్లు పోయాలి. అడుగు తడవకుండా పొడిగా ఉంటే ఏ మందూ పనిచేయదు. త్వరగా కరిగే పల్చటి టిష్యూ తప్ప వేరే ఏదీ వేయకూడదు. తడి టిష్యూలు (వెట్ వైప్స్) అసలే వద్దు.

ఇక ఖాళీ చేయడం. 20 లీటర్ల క్యాసెట్ నిండితే 20 కిలోల పైమాట. నడుం నొప్పి ఉన్నవాళ్లు నిండిందని చెప్పే ఎర్రదీపం వెలిగేదాకా ఆగకుండా సగం నిండగానే పని కానివ్వండి. చక్రాలు, లాగే పిడి ఉన్న క్యాసెట్ అయినా గుంట అంచు మీదికి ఎత్తేటప్పుడు బరువంతా చేతుల మీదే పడుతుంది. చేతులకి తొడుగులు వేసుకుని, పలక మూసి ఉందో లేదో చూసి బయటికి లాగండి. గొట్టం కిందికి తిప్పి మూత తీసి, వంచేటప్పుడు గాలి బొత్తాం బొటనవేలితో నొక్కి ఉంచండి. అది నొక్కకపోతే గబగబా ఎగిరి బట్టల మీద పడుతుంది. క్యాసెట్ నిలబెట్టి ఉండగా మాత్రం ఆ బొత్తాం నొక్కొద్దు. తర్వాత మూడు నాలుగు లీటర్ల నీళ్లతో రెండుసార్లు ఊపి కడిగితే చాలు.

క్యాసెట్ కాకుండా కింద పెద్ద ట్యాంకు ఉన్న బండి అయితే పద్ధతి వేరు. పైపు కలిపే ఉంది కదా అని దాని వాల్వు తెరిచి పెట్టకండి. నీళ్లన్నీ జారిపోయి ఘనపదార్థం గుట్టగా మిగిలి గట్టిపడుతుంది. మూడింట రెండు వంతులు నిండాకే తెరవాలి. ముందు టాయిలెట్ ట్యాంకు, ఆ తర్వాత సబ్బునీళ్ల ట్యాంకు. ఆ సబ్బునీళ్లే పైపుని కడుగుతాయి.

ఇంకో మాట. మీరు టాయిలెట్ అనుకుంటున్న వాసన సింకు నుంచి వస్తూండవచ్చు. బండి కుదుపులకి డ్రెయిన్ వంపులో నిలవాల్సిన నీళ్లు జారిపోతే వాడిన నీళ్ల ట్యాంకు వాసన నేరుగా లోపలికి వస్తుంది. ప్రయాణంలో సింకుకీ షవర్‌కీ బిరడాలు పెట్టండి, జిడ్డు గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడవండి.

ప్రశ్న: మా వారు నిద్రలో ఊపిరి ఆగే సమస్యకి సీపాప్ మిషన్ వాడతారు. బయట కరెంటు లేని చోట తెల్లవారుజామున నాలుగింటికి ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. బ్యాటరీ 100 యాంపియర్ అవర్లది, లెడ్-యాసిడ్. పాడైందా?

లెక్క చూస్తే బ్యాటరీ తప్పేమీ లేదు. ఒక యాంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక యాంపియర్ అవర్ ఖర్చయినట్టు. 100 యాంపియర్ అవర్ల లెడ్-యాసిడ్‌లో వాడుకోదగ్గది 50. అంతకు మించి లాగితే దాని ఆయుష్షు తరుగుతుంది. రాత్రి పన్నెండు గంటల్లో కంప్రెసర్ ఫ్రిజ్ 15 నుంచి 20 తింటుంది. ఇన్వర్టర్ ఏ పనీ చేయకపోయినా ఆన్‌లో ఉన్నందుకే ఎనిమిది గంటల్లో ఏడెనిమిది పోతాయి. సీపాప్‌లో వేడి తేమ పుట్టించే భాగం నడుస్తుంటే దానికే 40 దాకా అవుతుంది. మొత్తం 60 దాటింది. నాలుగింటికి ఆగడంలో వింతేమీ లేదు.

డాక్టరుని అడిగి ఆ వేడి తేమ, వేడి గొట్టం వారం పాటు ఆపగలరేమో చూడండి. ఇన్వర్టర్ మానేసి, మిషన్ తయారీదారు అమ్మే 12 వోల్టుల అడాప్టర్ వాడండి. ఈ రెండు మార్పులతో మిషన్ ఖర్చు రాత్రికి 15 నుంచి 25 యాంపియర్ అవర్లకి దిగుతుంది. ఒత్తిడి సెట్టింగుని బట్టి మారుతుంది కనుక బయల్దేరే ముందు ఇంటి దగ్గర బండిలోనే ఒక రాత్రి పడుకుని కొలవండి. సన్నటి వైరు ఉన్న సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకుంటే దారిలోనే వోల్టేజీ పడిపోయి, బ్యాటరీలో సత్తా ఉండగానే మిషన్ ఆగిపోతుంది. మంచం పక్కకి మందపు వైరుతో, విడి ఫ్యూజుతో ఒక సాకెట్ వేయించుకోండి. ఊపిరికి సంబంధించిన పరికరం కనుక దానికంటూ ఒక చిన్న విడి బ్యాటరీ ప్యాక్ కూడా ఉండాలని మా అభిప్రాయం. ఇందులో పొదుపు చూడొద్దు.

తర్వాతి సంగతి, పోయిన కరెంటు తిరిగి రావడం. 100 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండరోజున 25 నుంచి 30 యాంపియర్ అవర్లు ఇస్తుంది. మబ్బు పడితే అందులో పావు వంతైనా రాకపోవచ్చు. చెట్టు నీడ కావాలా, సోలార్ కావాలా అన్నది ప్రతి మధ్యాహ్నం తేల్చుకోవాల్సిందే. ఇంజను నడిస్తే బ్యాటరీ నిండుతుందన్న నమ్మకం పాత బళ్లకి చెల్లింది. కొత్త ఇంజన్లలో ఆల్టర్నేటర్ డీజిలు ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది. బండి లోపలి లైట్లు, ఫ్రిజ్ నడిపే బ్యాటరీకి మధ్యలో ఆ వోల్టేజీని సరిచేసి పంపే డీసీ-డీసీ చార్జర్ లేకపోతే సగం కూడా ఎక్కదు. 30 యాంపియర్లది ఉంటే రెండు గంటల ప్రయాణంలో 60 యాంపియర్ అవర్ల దాకా పంపగలదు. కానీ లెడ్-యాసిడ్ చివరి 20 శాతాన్ని చాలా నెమ్మదిగా తీసుకుంటుంది, దానికి గంటల తరబడి పడుతుంది. లిథియంకి ఆ బద్ధకం లేదు. 100లో 80, 90 దాకా వాడుకోనిస్తుంది కూడా. అయితే దానికి తగిన చార్జర్ ఉండాలి, సున్నా డిగ్రీల కంటే చలిలో చార్జి చేయకూడదు.

వోల్టు మీటరు చూసేటట్టయితే అన్నీ ఆపి గంట గడిచాక చూడండి. లెడ్-యాసిడ్‌లో 12.7 నిండు, 12.2 సగం. లిథియంలో వోల్టేజీ చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ లెక్క పనికిరాదు. వచ్చిందీ పోయిందీ లెక్కగట్టే షంట్ మీటర్ పెట్టించాలి. ఎలక్ట్రిక్ కెటిల్ ఇన్వర్టర్ మీద పెట్టొద్దని వేరే చెప్పాలా? 1500 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 125 యాంపియర్లు, నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి.

ప్రశ్న: నాకు ఇన్సులిన్ ఉంది. గ్యాస్, 12 వోల్టుల బ్యాటరీ, మెయిన్స్ (బయటి కరెంటు) మూడింటి మీదా నడిచే ఫ్రిజ్‌ని నమ్మొచ్చా?

కళ్లు మూసుకుని నమ్మొద్దు. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఈ రకం ఫ్రిజ్‌లో వెనక గోడకున్న అల్యూమినియం రెక్కల దగ్గర గడ్డకడుతుంది, తలుపు దగ్గర 10 దాటుతుంది. మందుని చిన్న డబ్బాలో పెట్టి మధ్య అర ముందు భాగంలో ఉంచండి. అతి తక్కువ, అతి ఎక్కువ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఆ డబ్బాలోనే పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే. వాడుకలో ఉన్న పెన్నుని చాలావరకు బయటే సుమారు నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీల లోపు అన్నది మీ మందు కాగితంలో ఉన్నదే ఖాయం. డ్యాష్‌బోర్డు అరలో మాత్రం పెట్టొద్దు.

ఈ ఫ్రిజ్ 12 వోల్టుల మీద ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందే తప్ప కొత్తగా చల్లబరచదు, అదీ ఇంజను నడుస్తున్నంతసేపే. భోజనానికి ఆగి ఇంజను ఆపేసి గ్యాస్‌కి మార్చడం మరిచిపోతే లోపల వేడెక్కడం మొదలవుతుంది. పెట్రోలు బంకులో మాత్రం గ్యాస్ మీద ఉండకూడదు, వెనక మంట వెలుగుతూ ఉంటుంది. బండి వాలుగా నిలబెట్టినా ఇది పనిచేయదు. లోపలి అమ్మోనియా ద్రవం కిందికి దానంతటదే జారాలి కనుక వాలు రెండు మూడు డిగ్రీలు దాటితే ప్రవాహం ఆగి, ఫ్రిజ్ వెనక ఆ ద్రవాన్ని వేడిచేసే గొట్టం మాడుతుంది. ఆ నష్టం బాగుచేయలేనిది. బయల్దేరే ముందురోజే ఫ్రిజ్ ఆన్ చేసి, అన్నీ చల్లబరిచాకే లోపల సర్దండి.

ప్రశ్న: నాలుగో రోజు పరుపు ఎత్తి చూస్తే అడుగంతా తడి. కప్పు కారుతోందా?

కప్పు కారితే తడి ఒక మూల నుంచి మొదలవుతుంది. పరుపు అడుగంతా సమంగా తడిసిందంటే అది మీ ఊపిరి. ఇద్దరు మనుషులు ఒక రాత్రిలో అర లీటరు పైగా తేమ వదులుతారు. అది పరుపు గుండా దిగి చల్లటి చెక్క మీద నీరవుతుంది. గ్యాస్ స్టవ్ కూడా తక్కువది కాదు. ఒక కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. చలేసిందని స్టవ్ వెలిగించి కూర్చుంటే గది తడుస్తుంది, పైగా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. ఆ వాయువుని పసిగట్టే అలారం పడుకునే ఎత్తులో ఉండాలి. వంటగ్యాస్ లీకు చెప్పే అలారం నేల దగ్గర ఉండాలి, ఎల్‌పీజీ గాలికంటే బరువు కనుక.

చలిగా ఉన్నా సరే రాత్రి పైకప్పు కిటికీ రెండు వేళ్ల మందం, ఎదురుగా ఇంకో కిటికీ కొద్దిగా తీసి ఉంచండి. పరుపు కింద గాలి ఆడే ప్లాస్టిక్ మెష్ చాప పరవండి. పొద్దున లేవగానే దుప్పట్లు సర్దకుండా, పరుపు గంటసేపు నిలబెట్టి ఆరనివ్వండి.

ప్రశ్న: వెనకాల రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు తగిలించుకుంటే స్టీరింగ్ తేలికైనట్టు ఉంది. భ్రమా?

భ్రమ కాదు. వెనక చక్రాల ఇరుసుకి 1.5 మీటర్ల వెనక 100 కిలోలు వేలాడుతున్నాయనుకోండి. ముందూ వెనకా ఇరుసుల మధ్య 4 మీటర్లుంటే వెనక ఇరుసు మీద పడేది 137.5 కిలోలు. ముందు ఇరుసు మీంచి 37.5 కిలోలు లేచిపోతాయి. పరిమితికి లోబడి ఉన్నామో లేదో ఇంట్లో లెక్కకి తేలదు. నీళ్లు, గ్యాస్, ఇద్దరు మనుషులతో సహా వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు విడిగా, మొత్తం విడిగా తూయించండి. వెనక ట్యాంకు ఉంటే సగం ఖాళీ చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: బండి నడిపేది, గ్యాస్ చూసేది అన్నీ ఆయనే. దారిలో ఆయనకి ఒంట్లో బాగోకపోతే నా పరిస్థితేంటి?

ఇది భయం కాదమ్మా, సిద్ధం కావాల్సిన విషయం. సిలిండర్ వాల్వు కట్టడం, 12 వోల్టుల మెయిన్ స్విచ్ తీయడం, అత్యవసర కిటికీ తెరవడం, మంటలార్పే సిలిండర్ పిన్ను లాగడం, ఇవి ఒక పూటలో నేర్చుకోగలిగినవి. ఆయన చూస్తుండగా మీ చేతులతో చేయండి, చూసి నేర్చుకున్నది ఆ క్షణంలో గుర్తురాదు. మీకు లైసెన్స్ ఉంటే, మీ లైసెన్స్ ఈ బరువుకి చెల్లితే, ఖాళీ మైదానంలో ఓ అరగంట మలుపులూ బ్రేకులూ రివర్సూ అలవాటు చేసుకోండి. లైసెన్స్ లేకపోతే ఫోన్‌లో ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు చూసి చదివి చెప్పడం తప్పక నేర్చుకోండి. ఊరి పేరు లేని చోట అంబులెన్స్‌కి చెప్పగలిగేది అదొక్కటే. ఇద్దరి మందులు, మోతాదులు, జబ్బులు, రక్తం గ్రూపు రాసిన కాగితం తలుపు లోపలివైపు అంటించండి.

రివర్స్ చేసేటప్పుడు వెనక నిలబడేది మీరే అయితే, అద్దంలో మీరు కనబడకపోతే బండి ఆగాలన్నది ముందే మాట అనుకోండి. బయల్దేరే ముందు పనులు పంచుకోండి. లోపలివి ఒకరు: పైకప్పు కిటికీలు, అల్మరాల గొళ్లేలు, ఫ్రిజ్ తాళం, సింకులో గిన్నెలు. బయటివి ఒకరు: గ్యాస్, కరెంటు వైరు, నీళ్ల పైపు, మెట్టు, చక్రాల కింద దిమ్మెలు. ఆ తర్వాత స్థానాలు మార్చుకుని ఒకసారి చుట్టూ తిరగండి. ఆ సమయంలో ఎవరూ పలకరించుకోవద్దు. మెట్టు వేసి ఉండగానే కదిలిన బళ్లన్నీ కబుర్ల మధ్య కదిలినవే.

ప్రశ్న: క్యాంపులో కరెంటు తీసుకున్నాక కెటిల్ పెట్టగానే ఫ్యూజు కొడుతోంది. వైరు కూడా వెచ్చగా ఉంది.

అవి రెండు వేరువేరు సంగతులు. క్యాంపు స్తంభం మీద 6 యాంపియర్లు అని ఉంటే 230 వోల్టుల దగ్గర మీకు దక్కేది 1380 వాట్లు. బ్యాటరీ చార్జరు, బాయిలర్ నడుస్తుండగా కెటిల్ పెడితే కొట్టక ఏం చేస్తుంది? బాయిలర్‌ని గ్యాస్‌కి మార్చి, కెటిల్ 1000 వాట్ల లోపుది కొనుక్కోండి. వైరు వెచ్చబడింది చుట్ట మీదే వదిలేసినందుకు. ఎంత తక్కువ దూరమైనా చుట్టంతా విప్పి, వదులుగా నేలమీద పరవండి. లేకపోతే మధ్య పొరల వేడి బయటికి పోలేక తొడుగు కరుగుతుంది. కలిపేటప్పుడు ముందు బండికి, తర్వాత స్తంభానికి. తీసేటప్పుడు ముందు స్తంభం దగ్గర.